జపాన్‌లో మనుషుల లెక్క



జపనీస్ నేర్చుకునేవాళ్ళలో ఉద్యోగం కోసం మొదలుపెట్టినవాళ్ళు ఉంటారు, పైచదువు కోసం మొదలుపెట్టినవాళ్ళు ఉంటారు, యానిమే సినిమాలు చూసి ముచ్చటపడి మొదలుపెట్టినవాళ్ళూ ఉంటారు. ఎవరు ఏ తోవన వచ్చినా, అందరూ తొలినాళ్ళలోనే తడబడే చోటు ఒకటుంది. అది లెక్కపెట్టడం. ఇచి, ని, సన్, యొన్, గొ అని ఒకటి నుంచి పది దాకా అంకెలు త్వరగానే నోటికొస్తాయి. తీరా వాటితో దేన్నయినా లెక్కపెట్టబోతే అంకె ఒక్కటే సరిపోదంటారు. అంకె వెనక ఆ వస్తువు రకాన్ని చెప్పే తోక ఒకటి ఉండాలి. పెన్సిలు, సీసా, గొడుగు లాంటి పొడుగాటి వస్తువులకు ‘హొన్’. కాగితం, చొక్కా, పళ్ళెం లాంటి పలచటి వాటికి ‘మాయ్’. పుస్తకాలకు ‘సత్సు’, కార్లకూ యంత్రాలకూ ‘దాయ్’, పక్షులకు ‘వ’. కుందేలుకు రెక్కలు లేకపోయినా సంప్రదాయంగా దాన్నీ పక్షుల లెక్కలోనే వేస్తారు.

ఇవన్నీ ఒక్క ప్రసంగంలో చెప్పడం కుదిరే పని కాదు. ఈరోజు ఒక్క తోక గురించే మాట్లాడుకుందాం. మనుషుల్ని లెక్కపెట్టే తోక. జపాన్‌లో విమానం దిగినవాడికి మొదటిరోజే ఇది కావాలి. హోటల్లో ఎంతమంది అని అడుగుతారు. గది తీసుకునేచోట ఎంతమంది అని అడుగుతారు. కొత్తగా పరిచయమైనవాళ్ళు మీ ఇంట్లో ఎంతమంది అని అడుగుతారు.

జపనీస్ జోలికి వెళ్ళేముందు మన తెలుగు సంగతి ఒక్కసారి చూడాలి. ఇంగ్లీషులో మామిడిపళ్ళు రెండైనా, మనుషులు ఇద్దరైనా అంకె ఒకటే, టూ. మనకు అలా కుదరదు. పళ్ళు రెండు, మనుషులు ఇద్దరు. కుర్చీలు మూడు, పిల్లలు ముగ్గురు. ‘మూడు పిల్లలు’ అన్నారంటే, ఎవరో కొత్తగా తెలుగు నేర్చుకుంటున్నారని పక్కవాళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది. ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు, అయిదుగురు, ఆరుగురు, ఏడుగురు. ఎనమండుగురు, తొమ్మండుగురు అనేవారు మన పెద్దలు. ఇప్పుడు ఎక్కువగా ఎనిమిదిమంది, తొమ్మిదిమంది, పదిమంది అంటున్నాం. అంటే మనుషులకు వేరే లెక్క ఉండాలన్న జ్ఞానం మనకు ఉగ్గుపాలతో వచ్చిందే. జపనీస్ పాఠ్యపుస్తకాలు చాలావరకు ఇంగ్లీషు ద్వారా చదువుకుంటాం కాబట్టి, అందులో ఇది వింతగా, కష్టంగా కనిపిస్తుంది. తెలుగు ద్వారా చూస్తే ఇందులో వింత ఏమీ లేదు.

ఇప్పుడు జపనీస్ లెక్క వినండి. ఒకరు, హితోరి. ఇద్దరు, ఫుతారి. ముగ్గురు, సన్నిన్. నలుగురు, యొనిన్. అయిదుగురు, గొనిన్. ఆరుగురు, రొకునిన్. ఏడుగురు, షిచినిన్. ఎనిమిదిమంది, హచినిన్. తొమ్మిదిమంది, క్యూనిన్. పదిమంది, జూనిన్. ఎంతమంది అని అడగాలంటే, నన్‌నిన్.

మళ్ళీ ఒకసారి చూస్తే ఇందులో ఒక సంగతి కనిపిస్తుంది. ముగ్గురి నుంచి దారి నున్నగా ఉంది. సన్ అంటే మూడు, నిన్ అంటే మనిషి, కలిపితే సన్నిన్. గొ అంటే అయిదు, గొనిన్. చిక్కంతా మొదటి ఇద్దరితోనే. ఇచినిన్, నినిన్ అనాల్సింది పోయి హితోరి, ఫుతారి అంటున్నారు. ఈ రెండూ ఎక్కడి నుంచి వచ్చాయి?

జపనీస్‌లో అంకెలు రెండు వరసలున్నాయి. ఒకటి వాళ్ళ సొంత వరస: హితొ, ఫుత, మి, యొ, ఇత్సు, ము, నన, య, కొకొనొ, తో. రెండోది చైనా నుంచి చైనా లిపితోపాటు వచ్చిన వరస: ఇచి, ని, సన్, షి, గొ. ఈ ‘నిన్’ అన్న తోక కూడా చైనా నుంచి వచ్చిందే. మనిషి అనే అర్థమున్న ఆ ఒక్క అక్షరాన్ని జపాన్‌లో ‘నిన్’ అనీ చదువుతారు, ‘జిన్’ అనీ చదువుతారు. ‘నిన్’ ముందు వచ్చిన ఉచ్చారణ. ‘జిన్’ ఆ తర్వాత, చైనాలో తాంగ్ వంశం ఏలిన రోజుల్లో, రాజధాని పలుకుబడితో వచ్చింది. ఇండియావాడు అనడానికి ఇందొజిన్, జపాన్‌వాడు అనడానికి నిహొన్‌జిన్. లెక్కపెట్టేటప్పుడు మాత్రం నిన్.

పాత జపనీస్‌లో మనుషుల లెక్క సొంత వరసలోనే ఇంకా ముందుకు సాగేది. ముగ్గురికి ‘మితారి’, నలుగురికి ‘యొతారి’ అనేవారు. కొన్ని మాండలికాల్లో నలుగురికి ‘యొత్తారి’ అన్న మాట ఈనాటికీ ఉంది. చైనా అంకెలు బలపడే కొద్దీ ఆ పాత మాటలు ఒక్కొక్కటే తప్పుకున్నాయి. మిగిలినవి హితోరి, ఫుతారి మాత్రమే. రోజూ వందసార్లు నోట్లో పడే మాటను ఏ కొత్త మాటా అంత తేలిగ్గా తరిమెయ్యలేదు. ఒంటరి, జంట, ఈ రెండూ అలా నిత్యం అవసరపడే మాటలు.

ఇప్పుడు మన లెక్కను దాని పక్కన పెట్టి చూడండి. ముగ్గురు, నలుగురు, అయిదుగురు, ఆరుగురు, ఏడుగురు. వీటన్నిటి చివరా ‘గురు’ ఉంది. ఒకరు, ఇద్దరు అన్నవాటికి అది లేదు. జపనీస్‌లోనూ తెలుగులోనూ గీత ఒకేచోట, ఇద్దరి తర్వాతే పడింది. దీన్ని బట్టి రెండు భాషలకూ చుట్టరికం కలిపెయ్యకూడదు. ఓనో సుసుము అనే జపాన్ భాషాపండితుడు జపనీస్‌కు తమిళంతో సంబంధం ఉందని ఏళ్ళ తరబడి వాదించారు. పండితుల్లో ఎక్కువమంది దాన్ని ఒప్పుకోలేదు. చుట్టరికం ఉన్నా లేకపోయినా, నేర్చుకునేవాడికి ఈ పోలిక అక్కరకొస్తుంది. మొదటి రెండూ విడిగా, మూడు నుంచి ఒక పద్ధతిగా అని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఒక తేడా కూడా చెప్పాలి. మన ‘ఒకరు’లో గౌరవం ఉంది. ఒకడు, ఒకతె, ఒకరు అని ఆడామగా, చిన్నాపెద్దా అన్నీ ఆ ఒక్క మాటలోనే తేల్చేస్తాం. హితోరి అన్న మాటకు ఆ బాధ లేదు. పసివాడైనా, ప్రధానమంత్రి అయినా హితోరి.

ఇక జాగ్రత్తలు. అన్నిటికన్నా పెద్ద జాగ్రత్త నలుగురి దగ్గర. నాలుగుకు చైనా వరసలో ‘షి’ అని పేరు. చావుకు కూడా జపనీస్‌లో ‘షి’ అనే అంటారు. షినిన్ అంటే చనిపోయిన మనిషి, శవం. మా ఇంట్లో నలుగురం అని చెప్పబోయి షినిన్ అన్నారంటే అవతలివాళ్ళు ఏమనుకోవాలో తెలియక నిలబడిపోతారు. సొంత వరసలోని ‘యొ’ను తెచ్చుకుని యొనిన్ అనడంతో ఆ ఇబ్బంది తప్పింది. యొన్‌నిన్ అని సాగదీయకూడదు, యొనిన్ అనాలి. పధ్నాలుగుమందికి జూయొనిన్, ఇరవైనాలుగుమందికి నిజూయొనిన్. చివర నాలుగు వచ్చిన ప్రతిచోటా ఇదే మాట.

ఏడుగురికి షిచినిన్ అనీ అనొచ్చు, ననానిన్ అనీ అనొచ్చు. ఫోనులోనో, జనం గోలలోనో ‘షిచి’ అన్నది ‘ఇచి’లా వినిపించే ప్రమాదముంది కాబట్టి, స్పష్టంగా చెప్పాల్సినచోట ననానిన్ అంటారు. తొమ్మిదికి ‘క్యూ’ అనీ ‘కు’ అనీ రెండు పేర్లు. ‘కు’ అంటే బాధ అని కూడా అర్థం. అందుకే జపాన్‌లో నాలుగు, తొమ్మిది అంకెల మీద చాలామందికి అయిష్టం. కొన్ని ఆసుపత్రుల్లో, హోటళ్ళలో ఆ అంకెల గదులు కనిపించవు.

పది దాటాక హితోరి, ఫుతారి మళ్ళీ రావు. పదకొండుమంది అంటే జూఇచినిన్, పన్నెండుమంది అంటే జూనినిన్. ఇరవైఒక్కమందికి నిజూఇచినిన్. ఆ రెండు పాత మాటలకూ అంకె అచ్చంగా ఒకటి, రెండు అయినప్పుడే చోటు.

అంకె తర్వాత వాక్యం సంగతి. ఇక్కడ తెలుగువాడి పంట పండినట్టే. ‘కొదొమొ గ సన్నిన్ ఇమస్’ అంటే ‘పిల్లలు ముగ్గురు ఉన్నారు’. కొదొమొ అంటే పిల్లలు, సన్నిన్ అంటే ముగ్గురు, ఇమస్ అంటే ఉన్నారు. మాటల వరస ఇసుమంతైనా మార్చనక్కర్లేదు. పైగా కదిలే ప్రాణులకు ‘ఇమస్’, మిగతావాటికి ‘అరిమస్’. ఉన్నారు, ఉంది అని వేరు చేసి మాట్లాడే మనకు అలాంటి తేడా పట్టుకోవడం కష్టం కాదు. కాకపోతే కుక్క, పిల్లి కూడా జపనీస్‌లో ‘ఇమస్’ వైపే చేరతాయి. వాటి లెక్కకు మాత్రం ‘నిన్’ పనికిరాదు. చిన్న జంతువులకు ‘హికి’ అనీ, ఏనుగు, గుర్రం లాంటి పెద్ద జంతువులకు ‘తో’ అనీ వేరే తోకలున్నాయి.

ఇప్పుడు మర్యాద దగ్గరికి వద్దాం. జపాన్‌లో హోటల్లో అడుగుపెట్టగానే అక్కడి మనిషి వంగి నమస్కరించి ‘నన్‌మే సమ దెస్ క’ అని అడుగుతాడు. తమరు ఎంతమంది అని. ఇక్కడ నిన్ లేదు, ‘మే’ వచ్చింది. మే అంటే పేరు. పేరుగల మనుషులుగా లెక్కపెట్టడమన్నమాట. దానికి ‘సమ’ అన్న గౌరవవాచకం తగిలించారు. ఈ ‘మే’ వార్తల్లో, దరఖాస్తుల్లో, లిఫ్టులో ఎంతమంది ఎక్కవచ్చో రాసే పలకల మీద కనిపిస్తుంది. అది దఫ్తరు భాష.

అడిగినవాడు ‘సమ’ అన్నాడు కదా అని మనం కూడా ‘సన్‌మే సమ’ అని బదులివ్వకూడదు. అది మేం ముగ్గురు గారలం అన్నట్టుంటుంది. ‘సన్నిన్ దెస్’ అంటే చాలు, ముగ్గురం అని. అవతలివాణ్ణి లెక్కపెట్టేటప్పుడు గౌరవం, మనల్ని మనం లెక్కపెట్టుకునేటప్పుడు సాదాసీదా మాట. మన ఊళ్ళో పెళ్ళికి పిలిచేటప్పుడు మీరంతా విచ్చేయాలి అంటాం గాని, మనల్ని పిలిచినప్పుడు మేమంతా విచ్చేస్తాం అనం. అదే నీతి.

హోటల్లో కూర్చున్నాక ఇంకో మెలిక. గ్యోజా అనే కజ్జికాయ ఆకారపు వంటకం ఇద్దరికి సరిపడా కావాలనుకోండి. ‘గ్యోజా నినిన్‌మాయె’ అనాలి. ఫుతారి ఇక్కడ పనికిరాదు. ‘నిన్‌మాయె’ అంటే మనిషి వంతు. ఒకరి వంతు ఇచినిన్‌మాయె, ఇద్దరి వంతు నినిన్‌మాయె. పనికిరావనుకున్న ఇచినిన్, నినిన్ వంటల లెక్కలో ఇలా బతికే ఉన్నాయి. ఇద్దరు కాళ్ళు కట్టుకుని పరుగెత్తే ఆటను కూడా ‘నినిన్ సన్‌క్యకు’ అంటారు, ఇద్దరు మనుషులు మూడు కాళ్ళు అని.

ఇచినిన్‌మాయెకు ఇంకో అర్థం ఉంది. పని నేర్చుకుని తన కాళ్ళ మీద తాను నిలబడ్డవాణ్ణి ఇచినిన్‌మాయె అంటారు. నిండు మనిషి అని. వడ్రంగమైనా, వంటైనా, గురువు దగ్గర ఇంకా కుదురుకోనివాడు ‘హన్‌నిన్‌మాయె’, సగం మనిషి. ఒక మనిషి వంతు తిండి, ఒక మనిషి వంతు పని రెండూ ఒకే కొలతన్నమాట.

సినిమా హాలు దగ్గరో మ్యూజియం దగ్గరో టికెట్లు కొనేటప్పుడు మనుషుల్ని కాకుండా టికెట్లనే లెక్కపెడతారు. ‘ఒతొన నిమాయ్, కొదొమొ ఇచిమాయ్’. పెద్దలవి రెండు, పిల్లలది ఒకటి. మొదట చెప్పుకున్న ‘మాయ్’ ఇదే, పలచటి వస్తువుల తోక.

కుటుంబం గురించి అడిగినప్పుడు కూడా కాస్త చెవి పెట్టి వినాలి. ‘సన్నిన్ క్యోదాయ్ దెస్’ అంటే మేం అన్నదమ్ములం, అక్కచెల్లెళ్ళం కలిసి ముగ్గురం అని. చెబుతున్న మనిషి కూడా అందులో ఉన్నాడు. ‘క్యోదాయ్ గ సన్నిన్ ఇమస్’ అంటే నాకు తోబుట్టువులు ముగ్గురున్నారు అని. చెబుతున్న మనిషితో కలిపితే నలుగురు. తెలుగులో ముగ్గురం, ముగ్గురు అని మాట చివరే తేడా తెలిసిపోతుంది. జపనీస్‌లో వాక్యం కట్టిన తీరును బట్టి తెలుసుకోవాలి.

దేవుళ్ళ లెక్క చూడండి. మనం త్రిమూర్తులను ముగ్గురు అనే అంటాం, మనుషుల్లాగే. జపాన్ దేవుళ్ళను ‘హషిర’ అన్న తోకతో లెక్కపెడతారు. హషిర అంటే స్తంభం. ఒక స్తంభం దేవుడు, రెండు స్తంభాల దేవుళ్ళు. క్రీ.శ. 712లో పూర్తయిన ‘కొజికి’ అనే ప్రాచీన గ్రంథంలోనే ఈ లెక్క ఉంది.

సినిమాల పేర్లతో కూడా ఈ పాఠం వల్లె వేసుకోవచ్చు. అకిర కురొసావా 1954లో తీసిన ‘సెవెన్ సమురాయ్’కి జపనీస్‌లో పేరు ‘షిచినిన్ నొ సమురాయ్’. ఏడుగురు సమురాయ్‌లు. అదే ఏడాది కినొషిత కేసుకే ‘నిజూషి నొ హితొమి’ అనే సినిమా తీశారు. ఇరవైనాలుగు కళ్ళు అని అర్థం. దీవిలో బడి చెప్పే ఒక టీచరు, ఆమె దగ్గర పన్నెండుమంది పిల్లలు, వాళ్ళ బతుకుల మీదుగా సాగిన యుద్ధం. త్సుబొయి సకాయె 1952లో రాసిన నవల దానికి ఆధారం. పిల్లల్ని తలల లెక్కన చెప్పకుండా కళ్ళ లెక్కన చెప్పారు. లెక్కపెడుతున్నది కళ్ళను కాబట్టి నిజూయొనిన్ అనకుండా నిజూషి అన్నారు. ఆ పేర్లు రెండూ గుర్తుంటే ఏడు, నాలుగు ఎలా నడుస్తాయో గుర్తున్నట్టే.

సామెతలూ ఉన్నాయి. ‘జూనిన్ తోఇరొ’ అంటే పదిమందికి పది రంగులు. పుర్రెకో బుద్ధి అని మనమన్నట్టు. ముగ్గురు కూడితే మంజుశ్రీ బోధిసత్వుడంత తెలివి అని చెప్పే సామెతలోనూ సన్నిన్ ఉంది.

పెద్ద లెక్కల్లోకి వెళ్తే కొత్త చిక్కు. మనం వేలు, లక్షలు, కోట్లు అంటాం. వాళ్ళు పదివేలను ‘మన్’ అంటారు, పదికోట్లను ‘ఒకు’ అంటారు. లక్షమంది అంటే జూమన్‌నిన్, పది పదివేలమంది. జపాన్‌లో మొదటి ఆధునిక జనగణన 1920 అక్టోబరు 1న జరిగింది. అప్పుడు తేలినవాళ్ళు సుమారు 5 కోట్ల 60 లక్షలమంది. 2020 జనగణన నాటికి 12 కోట్ల 61 లక్షల పైచిలుకు. దాన్ని వాళ్ళు ఇచి ఒకుతో మొదలుపెట్టి చెబుతారు. కోటిని పదితో గుణిస్తే ఒకు అని ఒక్కటి పట్టుకుంటే లెక్క తప్పదు.

ఆ 2020 జనగణనలోనే ఇంకో సంగతి బయటపడింది. నూటికి 38 ఇళ్ళలో ఉండేది ఒక్కరే. ‘ఒహితోరిసమ’ అంటే ఒంటరిగా వచ్చిన అతిథి. హోటలువాళ్ళు వాడే మర్యాదమాట అది. ఉఎనొ చిజుకొ అనే సామాజికశాస్త్రవేత్త 2007లో ఆ మాట పేరులో పెట్టుకుని ఒంటరిగా గడిపే వృద్ధాప్యం గురించి పుస్తకం రాశారు. అది విపరీతంగా అమ్ముడుపోయింది. ఒంటరివాళ్ళ మీద జాలిపడే మాటలు అప్పటికే ఎన్నో ఉన్నాయి. ఇది మాత్రం ఒంటరి మనిషికి ‘సమ’ తగిలించి కుర్చీ వేసింది. ఈరోజు అక్కడ ఒక్కరే వెళ్ళి తినడం, ఒక్కరే వెళ్ళి కరవోకె పాడుకోవడం మామూలు సంగతి. ‘హితోరి దెస్’ అని చెప్పడానికి ఎవరూ తలవంచుకోనక్కర్లేదు.

చివరగా నేర్చుకునేవాళ్ళకు రెండు మాటలు. అంకెల పట్టీని బట్టీ పట్టకండి. ఎదురుగా ఉన్న మనుషుల్ని లెక్కపెట్టండి. బస్‌స్టాపులో ఎంతమంది, లిఫ్టులో ఎంతమంది, భోజనాల బల్ల దగ్గర ఎంతమంది, అలా వారం రోజులు చేస్తే యొనిన్ దగ్గర నాలుక తడబడదు. జపనీస్ పాఠాలు చెప్పే మన ఉపాధ్యాయులకు ఒక మనవి. ఈ పాఠం వచ్చిననాడు ఇంగ్లీషు పట్టీ పక్కన పెట్టి, నల్లబల్ల మీద ఒకవైపు ఒకరు, ఇద్దరు, ముగ్గురు అనీ, రెండోవైపు హితోరి, ఫుతారి, సన్నిన్ అనీ రాయండి. తెలుగు పిల్లలు కొత్తగా నేర్చుకోవలసింది మొదటి రెండు మాటలు, నలుగురి దగ్గర ఒక జాగ్రత్త. మిగతాది వాళ్ళకు ఇంట్లోనే వచ్చు.